ఒకే ఇంట్లో రెండు ఉత్తరాలు

"నన్ను బొత్తిగా నమ్మని మనిషి కావాలి నాకు. అందుకే మీ దగ్గరికొచ్చాను" అన్నాడు దిక్కుల మాస్టారు, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

ఆ కుర్చీ మీది పాత పేపర్లన్నీ డిటెక్టివ్ అప్పుడే కింద పడేశాడు. అందులో ఎవరైనా కూర్చుని చాలా రోజులైంది.

"ఆ ఒక్క అర్హతా నాకు కావలసినంత ఉంది" అన్నాడు డిటెక్టివ్. "ఫెంగ్‌షూయ్ అంటే నా లెక్కలో సామాన్లు జరిపే కూలిపని. కాకపోతే కూలీకి బరువు తెలుస్తుంది."

మాస్టారు నొచ్చుకోలేదు. నొచ్చుకునే ఓపిక కూడా లేనట్టుంది ఆయనకి. అరవై దాటిన మనిషి, ఉతికిన చొక్కా, మాసిన గడ్డం. చేతిసంచీలో పళ్ళెమంత దిక్సూచి. మంచం ఎటు తిప్పాలో, అద్దం ఎక్కడ తగిలించాలో, చేపలతొట్టి ఏ మూల పెట్టాలో చెప్పి బతికే వృత్తి ఆయనది. ఇంట్లో శక్తి ప్రవహిస్తుందనీ, దానికి దారి ఇస్తే మేలు, అడ్డుపడితే కీడు అనీ ఆయన నమ్మకం. గురువారం సాయంత్రం నాలుగింటికి ఓ రిటైరైన ఫిజిక్స్ టీచరు ఇంటికి వెళ్ళి బెల్లు కొట్టాడు. ఎంతకీ తలుపు తీయకపోతే వాచ్‌మన్‌ని పిలిచి పగలగొట్టించాడు. టీచరు స్నానాలగది గుమ్మం దగ్గర పడి ఉంది. లోపల నీళ్ళు ఇంకా పారుతున్నాయి. ప్రాణం ముందురోజు సాయంత్రమే పోయిందన్నారు డాక్టర్లు. గ్యాస్ గీజరు తాలూకు పొగ బయటికి పోయే గొట్టాన్ని ఎవరో గట్టిగా మూసేశారు. వాసన లేని విషం ఇల్లంతా నిండింది.

"గొట్టంలో ఏం దొరికింది?"

"ఎర్రగుడ్డలో కట్టిన ఉప్పు మూట." మాస్టారు గొంతు తగ్గింది. "చెడుగాలి పోవడానికి గది మూలల్లో పెట్టుకోమని నేను చాలామందికి చెబుతాను. అందుకే ఇన్‌స్పెక్టరుగారు నన్ను పట్టుకున్నారు. నేను చెబితేనే టీచరుగారు గొట్టం మూసుకున్నారంటున్నారు. రేపు పొద్దున్న స్టేషనుకి రమ్మన్నారు. వెళితే మళ్ళీ రానివ్వరు."

"చెప్పారా మరి?"

"లేదు."

"ఆవిడింటికి ఎన్నిసార్లు వెళ్ళారు?"

"ఏడాదిలో పది పన్నెండు సార్లుంటుంది."

"ఒక్క ఇంటికి అన్నిసార్లా?"

"దిక్సూచి కుదరలేదండీ! ఒకసారి వచ్చిన ఉత్తరం ఇంకోసారి రాదు. హాల్లో ఒక ఉత్తరం, పడగ్గదిలో ఇంకో ఉత్తరం. ఇన్నేళ్ళలో అలాంటి ఇల్లు నేను చూళ్ళేదు. వెళ్ళిన ప్రతిసారీ మంచం తిప్పించాను."

"ఉప్పు మూట ఆవిడకి చెప్పనే లేదా?"

"చెబితే నవ్వేవారు."

డిటెక్టివ్ పెన్ను ఆగింది. "నవ్వేవారా?"

"నేనేం చెప్పినా నవ్వేవారు. నవ్వుతూనే చేసేవారు" అన్నాడు మాస్టారు, తన దిక్సూచి మూత మీద వేలితో రాస్తూ.

నమ్మకం ఉన్నవాళ్ళు భయపడతారు, బతిమాలతారు, మళ్ళీ మళ్ళీ అడుగుతారు. నవ్వరు. డిటెక్టివ్ కేసు ఒప్పుకున్నది ఆ ఒక్క మాట కోసమే. మాస్టారి మీద జాలితో కాదు.

*

టీచరు ఇల్లు రెండో అంతస్తులో. పగిలిన తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఒకప్పుడు డిటెక్టివ్ కింద పనిచేసిన అమ్మాయే. డిపార్టుమెంటులో అతనికి 'అనుమానం సార్' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

"ఇంట్లో కూర్చోలేకపోయారా సార్?" అంది. "పోయి పోయి ఈయన తరఫున వచ్చారా? రేపు పేపర్లో మీ ఇద్దరి ఫోటో పక్కపక్కన వేస్తారు."

"వేయనియ్యండి. నా ఫోటో అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు."

"అరగంట ఇస్తున్నాను. మీ మీద గౌరవంతో. ఈయన మీద మాత్రం నాకు ఏ కోశానా లేదు." మాస్టారి వంక చూడకుండానే చెప్పింది. "మా అమ్మకి ఆపరేషన్ అన్నారు. ఇలాంటి పెద్దమనిషే ఒకడు వచ్చి, ఆసుపత్రి ఉన్న దిక్కు ఆ ఏడాది కలిసిరాదు, ఆర్నెల్లు ఆగమన్నాడు. మా అమ్మ ఆగింది. రోగం ఆగలేదు."

మాస్టారు చెప్పులు విప్పి గుమ్మం పక్కన సరిగ్గా సర్దాడు.

ఇల్లు చిన్నది. హాల్లో నలుగురు కూర్చునే భోజనాల బల్ల. మూడు కుర్చీల మీద పుస్తకాల దొంతరలు, నాలుగోదాని మీద మెత్త. గోడకి ఎక్కడా గాలిగంటలు లేవు, మూడుకాళ్ళ కప్ప బొమ్మ లేదు, వెదురుమొక్క లేదు. ఏడాదిగా ఫెంగ్‌షూయ్ మాస్టారు వచ్చిపోతున్న ఇంట్లో ఆ వాసనే లేదు. మార్పంతా పడగ్గదిలోనే జరిగింది. మంచం కాళ్ళు జరిగి జరిగి నేల మీద గుండ్రంగా గీతలు పడ్డాయి. ఇప్పుడు తలగడ వైపు స్నానాలగది గోడకి ఆనుకుని ఉంది.

"నా లెక్క చాలా తేలిక" అంది ఇన్‌స్పెక్టరు. "మంచం ఇటు తిప్పించింది ఈయన. ఇంట్లోంచి బయటికి పోయే గొట్టాల ద్వారా అదృష్టం కారిపోతుందని తన కరపత్రంలో అచ్చేయించింది ఈయన. ఒంటరి ఆడమనిషి. నమ్మింది. మూసుకుంది. పోయింది. చేత్తో చంపితేనే హత్యా సార్?"

"ఇంకో మాస్టారిని ఎవరినైనా అడిగారా?"

"అడిగాను. మంచం ఇటు కాదు, సరిగ్గా ఎదురు గోడకి ఉండాలన్నాడు. ఇద్దరి బోర్డు మీదా ఒకటే శాస్త్రం."

"ఆయన స్కూలు వేరండీ" అన్నాడు మాస్టారు మెల్లిగా.

"మంచం మాత్రం ఒకటే కదా?" అన్నాడు డిటెక్టివ్. "సరే, మీ దిక్సూచి తీయండి. ఎప్పుడూ ఎలా చూసేవారో ఇప్పుడూ అలాగే చూడండి."

మాస్టారు ముందు హాల్లో చూశాడు. భోజనాల బల్ల మీద దిక్సూచి పెడితే ముల్లు కాసేపు ఊగి, వీధి గుమ్మం వైపు నిలిచింది. తరవాత పడగ్గదిలోకి వచ్చి, మూలనున్న చిన్న చెక్క టీపాయిని గది నడుమకి జరిపాడు. దాని మీద దిక్సూచి పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగి అలమారు వైపు నిలబడిపోయింది.

"చూశారా!" ఇన్‌స్పెక్టరు నవ్వింది. "పది అడుగుల్లో ఉత్తరం మారిపోయింది. ఇదండీ వీళ్ళ విద్య."

డిటెక్టివ్ నవ్వలేదు. "టీపాయి ఎవరు వేసేవారు మాస్టారూ?"

"టీచరుగారే. నేను వచ్చేసరికి ఇక్కడ వేసి ఉంచేవారు. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది, దీని మీద పెట్టి చూడండి అనేవారు."

"దిక్సూచి తీసి టీపాయి తిరగేయండి."

మాస్టారు తిరగేశాడు. పలక అడుగున, సరిగ్గా నడుమ, రెండు కడ్డీ అయస్కాంతాలు టేపుతో అంటించి ఉన్నాయి. ఒక కొన ఎరుపు, ఒక కొన నీలం, స్కూలు లేబొరేటరీలో పిల్లలకి ఇచ్చేలాంటివి. చుట్టూ పాత టేపు ఊడదీసిన మరకలు, ఒక్కొక్కటీ ఒక్కో వాలులో. ఎన్నిసార్లు మాస్టారు వచ్చాడో అన్నిసార్లూ ఆ అయస్కాంతాలు కొత్త దిక్కుకి తిరిగాయి.

ఇన్‌స్పెక్టరు ముందు నోరు తెరిచింది, తరవాత పకపకా నవ్వింది. "ఏడాది పాటు ఈయన్ని బొంగరం తిప్పినట్టు తిప్పిందన్నమాట! ఎందుకు సార్, సరదాకా?"

డిటెక్టివ్ ఆ మరకల్ని చూస్తూ ఉండిపోయాడు. అతని చేతి గడియారం నిక్షేపంగా నడుస్తుంది. అయినా నెలకోసారి రిపేరు షాపుకి తీసుకెళ్ళి, కాస్త వెనకపడుతున్నట్టుంది, చూడండి అంటాడు. షాపతను భూతద్దం పెట్టి చూసి, బాగానే ఉందండీ అంటాడు. ఆ చూసేలోపు వానల గురించీ, మోకాలినొప్పుల గురించీ నాలుగు మాటలు నడుస్తాయి. భార్య పోయిన తరవాత అతను చేసుకున్న ఏర్పాటు అది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"సరదాకి కాదు" అన్నాడు. "ఉత్తరం కుదిరిపోతే మాస్టారికి మళ్ళీ రావలసిన పని ఉండదు."

మాస్టారు అదే మంచం అంచున కూలబడ్డాడు. ముందు మొహం ఎర్రబడింది. నలుగురిలో చెంపదెబ్బ తిన్న మనిషిలా ఉన్నాడు.

"నేను బెల్లు కొట్టక ముందే తలుపు తీసేవారు" అన్నాడు. "నా చెప్పుల చప్పుడు మెట్ల మీదే గుర్తుపట్టేవారు. దిక్సూచి చూడటం ఎంతసేపు, అయిదు నిమిషాలు. తరవాత రెండు గంటలు కూర్చునేవాణ్ణి. నక్షత్రాల గురించి చెప్పేవారు. ఆరోసారి నుంచి... నేనూ ముల్లు వంక సరిగ్గా చూడలేదండీ. ఎటు చూపిస్తే అటే సరేనన్నాను. మా ఇంట్లో కూడా ఎవరూ లేరు."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి" అన్నాడు డిటెక్టివ్ ఆవిడతో. "ఈ దిక్కుల మీద టీచరుకి ఇసుమంత నమ్మకం లేదు. ఉంటే దిక్సూచితో ఆడుకోదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి మంటంటే ఏమిటో, పొగంటే ఏమిటో పాఠం చెప్పిన మనిషి. తన గీజరు గొట్టం తానే మూసుకుంటుందా?"

"అయితే ఈయనే మూశాడు."

"ఎక్కణ్ణించి?"

ముగ్గురూ స్నానాలగదిలోకి వెళ్ళారు. గీజరు మీంచి గొట్టం గోడలోకి దూరి బయటికి పోతోంది. పక్కన కిటికీకి గట్టి ఊచలు. డిటెక్టివ్ చొక్కా చేయి మడిచి ఊచల మధ్య నుంచి చేయి పెట్టాడు. మోచెయ్యి దాటాక ఇరుక్కుపోయింది. గొట్టం మూతి ఇంకా జానెడు పైన ఉంది.

"టీచరు ఎత్తెంత?"

"నా భుజం దాకా ఉంటారు" అన్నాడు మాస్టారు. "కుడి చెయ్యి పైకి లేచేది కాదు. అలమారులో పైఅర వస్తువులు నేనే దించి ఇచ్చేవాణ్ణి."

"డాబా మీంచి తాడు కట్టుకుని దిగొచ్చు" అంది ఇన్‌స్పెక్టరు. కానీ ఆ మాట మీద ఆవిడకే పట్టు లేదు.

"ఈ వయసులో, ఈయన! మూట చూపించండి."

ప్లాస్టిక్ కవరులో ఉంది మూట. గొట్టంలోంచి వచ్చిన ఆవిరికి తడిసి, ఆరి, ఉప్పంతా రాయిలా గట్టిపడింది. గుడ్డ చిరుగుల్లోంచి పెద్ద పెద్ద పలుకులు కనిపిస్తున్నాయి. డిటెక్టివ్ వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ తెరిచి చూశాడు. ఉన్నది మెత్తటి పొడి ఉప్పు ఒక్కటే. మళ్ళీ వచ్చి గుడ్డ అంచు వెలుతురుకి పెట్టి చూశాడు. మూట మూతిని దారంతో కట్టలేదు. దగ్గర దగ్గరగా, ఒక్క కుట్టూ వంకర పోకుండా మిషను మీద కుట్టారు.

"ఈ ఇంట్లో కుట్టుమిషను ఉందా?"

లేదని ముగ్గురికీ తెలుసు.

డిటెక్టివ్ మళ్ళీ స్నానాలగది కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా సన్నటి సందు, అవతల ఇంకో మేడ. సరిగ్గా గొట్టానికి ఎదురుగా ఊచలు లేని కిటికీ ఒకటి. అక్కణ్ణించి చీపురుకర్ర చాపితే గొట్టం అందుతుంది. ఆ కిటికీ చట్రానికి ఎనిమిది పలకల చిన్న అద్దం ఒకటి తగిలించి ఉంది. దాని మొహం ఇటు వైపే.

"మాస్టారూ, మీరు కిందకెళ్ళి కూర్చోండి" అన్నాడు డిటెక్టివ్, వెనక్కి తిరగకుండా.

*

ఎదురింటి తలుపు తీసినావిడ మెడలో కొలతల టేపు వేలాడుతోంది. గదిలో కుట్టుమిషను, సగం కుట్టిన కర్టెన్లు, మూలన ఎర్రటి లైనింగు గుడ్డ తాను. కిటికీ పక్క మంచం మీద ఆవిడ భర్త. పక్షవాతంతో ఏడు నెలలుగా కదలిక లేదు, మాట లేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. మంచం మీంచి ఆయనకి కనిపించే లోకమల్లా ఆ కిటికీ.

"టీచరుగారి గురించేనా అన్నయ్యగారూ? రండి, కూర్చోండి." స్టూలు మీది గుడ్డలు తీసింది. "పోయారని తెలిశాక మిషను తొక్కబుద్ధి కాలేదు. గుండె ఆగిపోయిందటగా? నిద్రలోనే పోయారట. అదృష్టవంతురాలు."

నిజం ఇంకా ఆవిడ దాకా రాలేదని డిటెక్టివ్‌కి అర్థమైంది. "మీరిద్దరూ మాట్లాడుకునేవారా?"

"ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి. ఏం వండావమ్మా అంటే ఏం వండావమ్మా అనుకోవడం. చలికాలం వచ్చాక ఆవిడ కిటికీ వేసేసుకున్నారు. అప్పట్నుంచీ నాకు మాట్లాడే దిక్కే లేదు. ఈయన వింటారనుకోండి. కానీ తిరిగి అనరుగా."

"ఈ అద్దం?"

"దిక్కుల మాస్టారు పెట్టమన్నారు. మా అక్క తీసుకొచ్చింది ఆయన్ని. అదిగో ఆ గొట్టం చూశారా, సూటిగా ఈయన గుండెల మీదికే గురిపెట్టి ఉందట. విషబాణం అంటారట దాన్ని. దాని దెబ్బకే మనిషి పడిపోయారన్నారు. అద్దం పెడితే వెనక్కి తిరిగిపోతుందన్నారు. పెట్టాను. రెండు నెలలు చూశాను. ఏమీ తేడా లేదు."

"అప్పుడేం చేశారు?"

"అప్పుడు దాని నోరు మూశాను." ఊడిన బొత్తాం కుట్టానన్నంత మామూలుగా చెప్పింది. "ఉప్పు చెడుగాలిని లాగేస్తుందని కూడా ఆయనే అన్నారుగా. రాళ్ళ ఉప్పు ఎర్రగుడ్డలో పోసి, గట్టిగా కుట్టి, కర్రతో లోపలికంటా నెట్టాను. బుధవారం మధ్యాహ్నం."

"అది దేని గొట్టమో తెలుసా అమ్మా?"

"వాననీళ్ళు పోయేదనుకుంటా. వానలు లేవుగా, ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను." ఉన్నట్టుండి ఆవిడ మొహం వెలిగింది. "ఇంకో సంగతి చెబితే మీరు నమ్మరు. ఆ సాయంత్రమే ఈయన చెయ్యి కదిపారు అన్నయ్యగారూ! ఏడు నెలల తరవాత! డాక్టర్లు చేయలేనిది ఆ ఉప్పు చేసింది. ఏమండీ, ఒక్కసారి కదపండి, అన్నయ్యగారికి చూపిద్దాం."

భర్త కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది. చూపుడువేలు మెల్లిగా లేచింది, వణికింది, పడింది. మళ్ళీ లేచింది. ఆవిడ ఆనందంతో ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

డిటెక్టివ్ వేలిని చూడలేదు, అది చూపిస్తున్న వైపు చూశాడు. ఎన్నిసార్లు లేచినా ఆ వేలు కిటికీ వైపే లేస్తోంది. ఏడు నెలలుగా ఆ మంచం మీంచి ఆయన ఆ గొట్టాన్ని చూస్తూనే ఉన్నాడు. రోజూ సాయంత్రం టీచరు స్నానం వేళకి దాని నోట్లోంచి ఆవిరి రావడం చూశాడు. బుధవారం తన భార్య దాన్ని మూయడం చూశాడు. ఆ సాయంత్రం అవతలి గదిలో లైటు వెలిగింది, ఆవిరి మాత్రం రాలేదు. ఆయనకి అర్థమైంది. ఏడు నెలల్లో రాని బలమంతా కూడగట్టుకుని ఆయన వేలు ఎత్తింది అందుకు.

ఆయన కళ్ళు డిటెక్టివ్ కళ్ళని పట్టుకుని వదలడం లేదు. కంటి కొసనుంచి నీరు చెవిలోకి జారింది.

"చూశారా, సంతోషంతో ఏడుస్తున్నారు" అంది ఆవిడ.

డిటెక్టివ్ సర్వీసులో ఎంతమందికి ఎన్ని చావులు చెప్పాడో. ఇలాంటిది ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చేతుల్లోని ఆ చేతి మీద తన చెయ్యి ఒక్క క్షణం ఉంచాడు. ఆయన వేలు అతని అరచేతిని గీరింది.

"అర్థమైంది" అన్నాడు డిటెక్టివ్ ఆయనతో. ఆ తరవాత ఆవిడతో, "ఇంకాసేపట్లో ఓ ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. నేనూ వస్తాను. మీ అక్కని పిలిపించుకోండి అమ్మా. ఒక్కరే ఉండొద్దు."

"ఎందుకన్నయ్యగారూ?"

అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

*

మాస్టారు కింద మెట్టు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు జీపుకి ఆనుకుని ఫోన్‌లో మాట్లాడుతోంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"ఎవరు?" అంది ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ మాస్టారి ముందు నిలబడ్డాడు. "ఎదురు మేడలో కుట్టుపని చేసే ఆవిడింటికి వెళ్ళారా మీరు? భర్తకి పక్షవాతం."

మాస్టారు గుర్తుచేసుకున్నాడు. "ఆఁ... వెళ్ళాను. రెండు నెలలవుతుంది. ఎంతసేపు, పది నిమిషాలు. ఆ కిటికీ అవతల టీచరుగారిల్లని నాకు తట్టనే లేదండీ. అటు గుమ్మం వేరే వీధిలో కదా."

"ఏం చెప్పారక్కడ?"

"ఏదో... ఎదురుగా గొట్టం కనబడింది. విషబాణం అన్నాను. అద్దం పెట్టుకోమన్నాను. అందరికీ చెప్పేదే." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ గొట్టం..."

"అదే గొట్టం."

మాస్టారి ఒళ్ళోని సంచీ జారి కిందపడింది. దిక్సూచి మూత ఊడి మెట్ల మీద దొర్లింది. ఆయన దాని వంక చూడలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది. దాన్ని ఏడుపనడానికి కూడా లేదు.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళుగా ఆవిడ కోరుకున్న దృశ్యమే ఇది. కానీ ఆవిడ మొహంలో గెలుపు లేదు. "ఏ సెక్షను కింద రాయను సార్ దీన్ని?" అంది నెమ్మదిగా.

డిటెక్టివ్ వినిపించుకోలేదు. మాస్టారు అన్న ఒక మాట అతని చెవిలో గింగురుమంటోంది. వంగి మాస్టారి మణికట్టు పట్టుకుని చేతులు కిందికి లాగాడు.

"అందరికీ చెప్పేదే అన్నారు. గొట్టం గురించి ఇంకెవరికి చెప్పారు?"

"నాకు... చాలామందికి. గుర్తులేదు."

"గుర్తు తెచ్చుకోండి! అద్దం కాదు. మూయమని ఎవరికైనా చెప్పారా? ఇంట్లో అదృష్టం కారిపోతుందని కరపత్రంలో అచ్చేయించారు కదా. అది చదివి ఎవరైనా అడిగారా?"

మాస్టారి పెదవులు కదిలాయి. "మొన్న సోమవారం. ఓ పెద్దావిడ... కొడుకు ఊళ్ళో ఉండడు, కోడలు కడుపుతో ఉంది. ఇంట్లో ఏదీ నిలవడం లేదు, గొట్టాలు ఏం చేయమంటారని అడిగారు. నేను వేరే ఏదో ఆలోచిస్తూ... మూయించుకోండమ్మా అనేశాను. ఏ గొట్టమో కూడా అడగలేదు."

"ఫోన్ చేయండి."

మాస్టారు రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. డిటెక్టివ్ ఫోన్ లాక్కుని, ఆయన డైరీలోంచి నంబరు చెప్పించుకుని తనే కలిపాడు. మోగుతోంది. స్నానాల వేళ. పైన ఇళ్ళల్లో ఒక్కొక్కటిగా లైట్లు వెలుగుతున్నాయి. ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు తలుపు తీసి, "అడ్రసు! అడ్రసు చెప్పండి!" అని మాస్టారి భుజం పట్టుకుని కుదుపుతోంది.

మోగి మోగి, ఆగిపోతుందనుకున్నప్పుడు అవతల ఎవరో ఎత్తారు.

"ఎవరూ? మాస్టారేనా?" ముసలి గొంతు, చెవి సరిగ్గా వినపడనివాళ్ళ గట్టి గొంతు. "మీరు చెప్పినట్టే చేశాం బాబూ! ఇవాళే మేస్త్రీని పిలిచి స్నానాలగది గొట్టం సిమెంటుతో మూయించేశాను!"

"అమ్మా, మీ కోడలెక్కడ?"

"స్నానానికి వెళ్ళింది. చాలాసేపైంది. పిలుస్తుంటే పలకదేం? నాకే వినపడ్డం లేదో ఏమిటో. నాకూ పొద్దుగూకినప్పట్నుంచీ ఒకటే తల తిరుగుడు."

"అమ్మా, గ్యాస్ కట్టేయండి! కిటికీలు తెరవండి! తలుపులు తెరిచి బయటికొచ్చి అరవండి!" డిటెక్టివ్ అరుపుకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. "వినబడుతోందా? కిటికీలు తెరవండి!"

అవతల ఊపిరి మాత్రం వినిపించింది, బరువుగా. తరవాత ఆవిడ, మంచి విద్యార్థిలా, జాగ్రత్తగా అడిగింది.

"అలాగే బాబూ. ముందు ఏ దిక్కు కిటికీ తెరవమంటారు?"